కంటైనర్‌కు పట్టిన చెమట

ఆత్మకూరు,
నవంబరు 26.

ప్రేమగల పెదనాయనకు ఏంజెలిన్ వందనాలు.

ఫోన్లో చెప్పబోతే "గాలిమాటలు వద్దు, రాసి పంపు" అని పెట్టేశారు. ఆ ఫోనైనా ఆదివారం ఆరాధన ముగిశాక గంటసేపే ప్రాణంతో ఉంటుంది. ముప్పై ఒక్కేళ్ళు సోషల్ మాస్టారుగా, ఆపైన హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషితో వాదించి నెగ్గలేను కనుక రాస్తున్నాను. తమలపాకుల నారాయణయ్య రోజు విడిచి రోజు ఇక్కడ ఆకు కొనుక్కుని మీ ఊరి బస్సెక్కుతాడు. ఉత్తరం ఆయన గంపలో వస్తుంది. మీ శిష్యుడే, పోగొట్టడు. తడపకుండా తెస్తాడని మాత్రం చెప్పలేను.

నా కాలికట్టు జనవరి ఎనిమిదిన విప్పుతారట. రోడ్డు కాంట్రాక్టరు అమ్మేసి పోయిన ఆ పాత కంటైనర్‌ను మీ పెరట్లో దించుతున్న రోజు, క్రేన్ డ్రైవరుకు దారి చూపిస్తూ వెనక్కీ వెనక్కీ నడిచి పెంటగుంటలో పడింది నేనే. ఊరంతా చూసింది. దాని గురించి ఇక మాట్లాడుకోవద్దు. అమ్మ స్కూలుకు పోయాక ఇంట్లో నేనూ గోడగడియారమూ మిగులుతాం. కిటికీలోంచి బస్టాండు మలుపు కనిపిస్తుంది. నిన్న చీకటి పడేలోగా ముప్పై ఎనిమిది బస్సులు ఊరు దాటి పోయాయి. ఒక్కదాంట్లోనూ నేను లేను.

అసలు విషయానికొస్తాను. మన ఉదయగిరి ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు చెక్కిన రెండు వేల నాలుగు వందల కొయ్య గరిటెలూ చెంచాలూ ఆ కంటైనర్‌లో ఉన్నాయి. బెంగుళూరు షాపు తరఫున రజిని గారు జనవరి తొమ్మిదిన వచ్చి చూస్తారు. బూజు పట్టిన సరుకైతే మొత్తం వెనక్కే అని ముందే చెప్పారు. పాసైతే ఆడవాళ్ళకు ఏడాది పొడుగునా పని. నాకు అక్కడ ఉద్యోగం, ఫిబ్రవరి ఒకటిన చేరాలి. పాసవకపోతే నాకు ఈ కిటికీయే గతి. తాళంచెవి మీ చేతిలో పెట్టానంటే నా మెడ పెట్టినట్టే. అప్పుడప్పుడూ తెరిచి చూసి, ఎలా ఉందో రాయండి.

ఇట్లు,
మీ ఏంజెలిన్.

తా.క.: కట్టు లోపల ఒకటే దురద. పొడుగు కాడ చెంచా ఒకటి దూర్చి గోక్కుంటున్నాను. ఈ ఉపయోగం సంగతి రజిని గారికి తెలియనివ్వొద్దు.

*

ఉదయగిరి,
నవంబరు 30.

చిరంజీవి ఏంజెలిన్‌ను పెదనాయన దయాసాగర్ ఆశీర్వదించి వ్రాయునది.

విషయం: తాళం వేసిన కంటైనర్‌లో నీరు కనబడుట గురించి.

ఈ ఉదయం ఆరు గంటలకు, గరిటెలు చెక్కేవారిలో పెద్దలైన పెంచలమ్మ, నాగులమ్మల సమక్షంలో కంటైనర్ తెరిచాను. తాళం చెక్కుచెదరలేదు. లోపల పైకప్పుకు నీటిచుక్కలు ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లాగా వరుసగా వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి నా బట్టతల మీద పడింది. నేల అక్కడక్కడా తడి. ఈ వారమంతా వాన లేదు.

కారణాలు రెండే ఉండాలి. కప్పుకు చిల్లు, లేదా మనిషి. చిల్లు సంగతి తేల్చడానికి మీ పెద్దమ్మ చేత, వెల్డింగు మాల్యాద్రి చేత కప్పు మీద ఇరవై బిందెల నీళ్ళు పోయించి నేను లోపల నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు. కాబట్టి చిల్లు లేదు. మిగిలింది మనిషి. కాంట్రాక్టరు మనుషుల దగ్గర మారుతాళం ఉండి ఉండవచ్చు. గరిటెల మీద నీళ్ళు పోసి వాళ్ళకేం లాభమో ఇంకా తేలలేదు. హాస్టల్లో కొళాయి విప్పి వదిలేసినవాణ్ణి ప్రతిసారీ పట్టుకున్న నాకు వీణ్ణి పట్టుకోవడం కష్టం కాదు.

తీసుకున్న చర్యలు: పై మూలల్లో సన్నటి రంధ్రాలు కనబడ్డాయి. వాటిలోంచి పైపు దూర్చే అవకాశం ఉన్నందున అన్నింటినీ లప్పంతో పూడ్పించాను. రాత్రి కాపలా ఏర్పాటైంది. కాపలాదారు ఎవరన్నది కేసు దృష్ట్యా వ్రాయడం లేదు.

ఇట్లు,
ద. దయాసాగర్.

తా.క.: ఇది మీ పెద్దమ్మ విజయకుమారి రాస్తాండేది. ఇరవై బిందెలు కాదు, ఇరవై ఆరు. ఆయన లెక్క తప్పినాడు, నా నడుము తప్పలా. నారాయణయ్య చేతికి ఒంటికి పూసుకునే దోమల మందు ట్యూబులు నాలుగు ఇచ్చి పంపు. ఇంట్లోకి కాదులే.

*

ఆత్మకూరు,
డిసెంబరు 2.

ప్రేమగల పెదనాయనకు వందనాలు.

దొంగ లేడు. ఆ నీళ్ళు గాలిలోవే.

ఫ్రిజ్‌లోంచి చెంబు తీసి బల్ల మీద పెట్టండి. ఐదు నిమిషాల్లో దానికి బయట చెమట పడుతుంది. చెంబు కారిందా? లేదు. చుట్టూ ఉన్న గాలిలో తేమ చల్లటి లోహం తగలగానే నీరైపోయింది. మీ కంటైనర్ కూడా అలాంటి చెంబే, కాకపోతే దీనికి చెమట లోపల పడుతుంది. పగలు ఎండకు ఇనుము కాలి, గరిటెల్లో మిగిలిన పచ్చిదనం ఆవిరై గాలిలోకి వస్తుంది. రాత్రి దుర్గం కొండ మీది చలి దిగగానే కప్పు చల్లబడుతుంది. లోపలి తేమకు పోయే దారి ఉండదు. కప్పుకే అంటుకుని తెల్లవారుజామున చినుకై రాలుతుంది.

దీనికి మందు గాలి ఆడటమే. మీరు లప్పం పెట్టిన రంధ్రాలు దొంగ పైపు కోసం కాదు, కంటైనర్ చేసినవాడు గాలి కోసం పెట్టినవి. ముందు వాటిని తెరవండి. అవి చాలవు కూడా. మాల్యాద్రిని పిలిచి ఒక పక్క గోడకు అడుగున జానెడేసి కిటికీలు రెండు, ఎదుటి గోడకు కప్పు కింద రెండు కోయించండి. కింద నుంచి పొడిగాలి వస్తుంది, పై నుంచి తడిగాలి పోతుంది. వాన కొట్టకుండా వాటికి రేకు గొడుగు, ఉడతలు దూరకుండా జల్లెడ పెట్టించండి. గరిటెల పెట్టెలు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద ఎత్తి జరిపించండి.

నా కట్టులోనూ ఇదే గొడవ. లోపలంతా చెమట, బయటికి దారి లేదు. డాక్టరును కిటికీ పెట్టమంటే నవ్వాడు. మీరైనా పెట్టించండి.

ఇట్లు,
మీ ఏంజెలిన్.

తా.క.: దోమల మందు పంపాను. కాపలాదారును ఇంటికి పంపేయండి పాపం.

*

ఉదయగిరి,
డిసెంబరు 6.

చిరంజీవి ఏంజెలిన్‌కు ఆశీస్సులు.

విషయం: నీ ఉత్తరంలోని సలహాలపై అభ్యంతరాలు.

నీ ఉత్తరం తమలపాకుల తడికి మెత్తబడి వచ్చింది. దాన్ని పెనం మీద కాచి చదివాను.

నీళ్ళు కారుతున్న దానికి చిల్లులు పెట్టమంటున్నావు. కడుపులో నొప్పి అని పోతే కాళ్ళకు మందు రాసిన వైద్యుడిలాగా ఉంది. మాల్యాద్రిని అడిగాను. "అయ్యవారా, మీరు రాసిస్తే కోస్తా. రేపు సరుకు తడిసి ఏంజెలిన్ పాప నన్ను అడిగితే నాకు సంబంధం లేదు" అన్నాడు. నేను రాసివ్వలేదు.

అయితే నీ చెంబు ప్రయోగం చేశాను. చల్లటి చెంబుకు చెమట పట్టింది, నిజమే. పక్కనే వేడినీళ్ళ చెంబు పెట్టాను. దానికి పట్టలేదు. దీన్నిబట్టి లోపం చల్లదనంలో ఉందని రుజువైంది. కనుక రాత్రిళ్ళు లోపల వెచ్చదనం ఉండేటట్టు ఏర్పాటు చేశాను. దొంగ ఉన్నా లేకపోయినా ఈ ఏర్పాటు పనికొస్తుంది. పెట్టెలను చెక్కల మీదికి ఎత్తించాను, అది మంచి సలహా.

ఇట్లు,
ద. దయాసాగర్.

తా.క.: ఏంజీ, నాకీ మధ్య నిద్ర బాగా పడతాండాది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంత నిద్ర నేనెరగను. ఈసారి నారాయణయ్య చేత పెద్ద ఫ్లాస్కు ఒకటి పంపు, టీ వేడిగా ఉండేది.

*

ఆత్మకూరు,
డిసెంబరు 8.

పెదనాయనకు వందనాలు.

వెచ్చదనమంటే ఏమిటి? కుంపటి కాదు కదా? మూసిన ఇనుప గదిలో కుంపటి పెడితే ఆ పొగకు మనుషులు పోతారు. మనిషి లేకపోయినా ఆ పొగా మసీ గరిటెలకు పడతాయి. ఏదైనా సరే, ఈ ఉత్తరం చదివిన చేత్తోనే దాన్ని బయట పారేయండి.

వేడినీళ్ళ చెంబు గురించి మీరన్నది నిజమే. కానీ ఇరవై అడుగుల ఇనుప కప్పును రాత్రంతా వెచ్చబెట్టగలమా? అంతకంటే తేమను బయటికి పంపడం తేలిక. గాలి ఎటు నుంచి ఎటు ఎందుకు వీస్తుందో ఊరి పిల్లలందరికీ నేర్పిన మీరు, నాలుగు కిటికీలకు ఇంత ఆలోచించాలా? మాల్యాద్రికి నేనే రాసిస్తున్నాను, కింద సంతకం కూడా చేశాను. బొమ్మ వేశాను. కట్టు పైన కాగితం పెట్టుకుని వేశాను కనుక గీతలు వంకర, కొలతలు మాత్రం సరైనవి.

గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి తెప్పించి ఫ్లాస్కుతో పాటు పంపుతున్నాను. గడియారమంత ఉంటుంది. లోపల తగిలించి, పొద్దున్నే దాని మీద ఏ అంకె కనిపిస్తే అది రాయండి. అంతే చాలు.

ఇట్లు,
ఏంజెలిన్.

తా.క.: కర్రలతో హాలుకు ఆ చివర్నుంచి ఈ చివరికి అరవై నాలుగు సార్లు నడిచాను. కింది ఇంటివాళ్ళు పైకొచ్చి, ఏమైనా రుబ్బుతున్నారా అని అడిగారు.

*

ఉదయగిరి,
డిసెంబరు 17.

చిరంజీవి ఏంజెలిన్‌కు ఆశీస్సులు.

విషయం: మీటరు ఫలితాలు. అభినందనలు.

నీ మాట ప్రకారం మాల్యాద్రి రంధ్రాల లప్పం గీకేసి, నాలుగు కిటికీలూ కోసి, గొడుగులూ జల్లెళ్ళూ బిగించాడు. చూడటానికి కంటైనర్ ఇప్పుడు పోలింగు బూత్‌లాగా ఉంది. కుంపటి పెట్టలేదు. నా ఏర్పాటులో నిప్పు లేదు, పొగ లేదు. నమ్మకమైనది.

ఇక శుభవార్త. మీటరు తగిలించిన మొదటి ఉదయం 88. నా ఏర్పాటును మరికొంచెం పటిష్ఠం చేశాను, 92 వచ్చింది. ఈ ఉదయం 95. మా బడిలో సోషల్‌లో 95 తెచ్చుకున్నది ఇరవై ఏళ్ళలో ఒక్కరే. ఈ లెక్కన రజిని గారు వచ్చే నాటికి నూటికి నూరు చేరుకుంటామని నా నమ్మకం. పెంచలమ్మ బృందానికి ఈ సంగతి చెప్పి అందరికీ బెల్లం పంచాను.

ఇట్లు,
ద. దయాసాగర్.

తా.క.: మాల్యాద్రి కిటికీలు పెట్టినప్పట్నుంచి ఈయన చెవుల్లోకి చలి పోతాందంట. మంకీ క్యాపొకటి, ఉన్ని మఫ్లరు రెండు పంపు. ఎందుకని అడగబాక, నన్ను చెప్పొద్దన్నాడు.

*

ఆత్మకూరు,
డిసెంబరు 19.

పెదనాయనా,

అవి మార్కులు కావు.

గాలి ఎంత తడిగా ఉందో చెప్పే అంకె అది. నూరు వస్తే లోపల వాన పడుతున్నట్టే. అరవై దగ్గర ఉండాలి. 75 దాటి నాలుగు రోజులుంటే బూజు. మీరు 95కి బెల్లం పంచారు.

నాకు ఒకటే అర్థం కావడం లేదు. కిటికీలు పెట్టాక అంకె తగ్గాలి, పెరగడానికి వీల్లేదు. బొమ్మ సరిగ్గా ఉంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. నేను ఇక్కడ మంచానికి కట్టేసి ఉన్నాను, మీరు అక్కడ ఏదో "ఏర్పాటు" అంటారు, ఏమిటో చెప్పరు. రంధ్రాలు తెరవమంటే వారం ఆలస్యం. కిటికీలు కోయమంటే అభ్యంతరాలు. నేను డిగ్రీకి నెల్లూరు పోతానన్నప్పుడు కూడా మీరు ఇలాగే మూడు పేజీల అభ్యంతరాలు రాశారు, గుర్తుందా? నేను బెంగుళూరు పోవడం మీకు ఇష్టం లేదని నాకు తెలుసు. ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళ పనిని నీళ్ళలో ముంచి చెప్పొద్దు.

ఏంజెలిన్.

తా.క.: మంకీ క్యాపూ మఫ్లర్లూ పంపాను. కోపం ఉన్ని మీద లేదు.

*

ఉదయగిరి,
జనవరి 1.

చిరంజీవి ఏంజెలిన్‌కు నూతన సంవత్సర శుభాకాంక్షలు.

విషయం: మీటరు అంకెలు.

నీ ఉత్తరం అందింది. వ్యాఖ్యానం లేకుండా అంకెలు మాత్రం వ్రాస్తున్నాను. ఇరవై మూడున 94. ఇరవై నాలుగున 95. ఆ రాత్రి మందిరం వారితో కలిసి ఊరంతా తిరిగి ఇంటింటా క్రిస్మస్ పాటలు పాడి తెల్లవారి వచ్చి చూస్తే 61. ఇరవై ఆరున మళ్ళీ 93. అక్కడ నుంచి నిన్నటి వరకు 93కు తగ్గలేదు. నిన్న రాత్రి మందిరంలో కొత్త సంవత్సరపు ఆరాధన తెల్లవార్లూ జరిగింది. ఈ ఉదయం 60.

ఒక్క నీటిచుక్కా చెంచాల మీద పడలేదు. అది మాత్రం నేను చెప్పగలను.

ఇట్లు,
ద. దయాసాగర్.

తా.క.: ఏంజీ, పెద్దోడిని అట్లా రాస్తారా ఎవురైనా? నీ ఉత్తరం చదివి అన్నం తినలా. ఆయన చెప్పకపోతే ఏం, నేను చెప్తానని పెన్ను తీసినాను. "విజయా" అన్నాడు. అంతే. ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను పేరు పెట్టి పిల్చింది మూడుసార్లు. అందుకని చెప్పట్లా.

*

ఆత్మకూరు,
జనవరి 3.

ప్రేమగల పెదనాయనకు,

తప్పు నాది. ఆ ఉత్తరం నారాయణయ్యకు ఇచ్చిన పావుగంటకే వెనక్కి తీసుకుందామని కర్రలేసుకుని మెట్ల దాకా పోయాను. కింద బస్సు హారను కొట్టింది. అది నలభయ్యో బస్సు. నోరు పారేసుకోవడానికి నాకు కాలు విరిగి ఉండటం సాకు కాదు. క్షమించండి.

మీరు వ్యాఖ్యానం లేకుండా పంపిన అంకెలు మాత్రం బంగారం. రాత్రంతా కూర్చుని చూశాను. కొయ్యలోంచి తేమ వస్తుంటే రోజూ రావాలి. చలి వల్ల అయితే ఆ రెండు రాత్రులూ చలి ఉంది. అంటే కిటికీలు పనిచేస్తాయి, కంటైనర్ మంచిదే. రాత్రి పూట మాత్రం లోపలికి ఎక్కడి నుంచో అర లీటరు నీళ్ళు వస్తున్నాయి. పాటలు పాడిన రాత్రీ, ఆరాధన రాత్రీ రాలేదు.

నాకు తట్టింది చెబుతాను, నవ్వకండి. లోపల ఏదో ప్రాణి పడుకుంటోంది. ఊపిరిలో నీళ్ళుంటాయి. ఓ మాదిరి జీవం రాత్రంతా ఊపిరి విడిస్తే అర లీటరు అవుతుంది. మీ పెరట్లో తిరిగే పెంచలమ్మ మేకేనని నా అనుమానం. సాయంత్రం మీరు తలుపు తీసినప్పుడు దూరి పెట్టెల వెనక పడుకుంటోంది. ఆ రెండు రాత్రులూ పాటల మోతకు బెదిరి రాలేదు. దయచేసి దాన్ని పట్టుకుని బయట కట్టేయండి. అది పోతే నాలుగు రోజుల్లో అంతా ఆరిపోతుంది.

ఎనిమిదిన కట్టు విప్పుతారు. తొమ్మిదిన తెల్లవారి మొదటి బస్సుకు వస్తాను. రజిని గారు పదకొండుకు వస్తారు. అప్పటిదాకా ఆ మేకను చూసుకోండి.

మీ ఏంజెలిన్.

తా.క.: మేకను కొట్టకండి. వెచ్చగా ఉందని పడుకుని ఉంటుంది.

*

ఉదయగిరి,
జనవరి 7.

చిరంజీవి ఏంజెలిన్‌ను పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

విషయం: మేక పట్టుబడినది.

నువ్వు తొమ్మిదిన రానక్కరలేదు. రజిని గారికి బద్వేలులో పని ముందే ముగిసిందట. తెల్లవారకముందే కారులో బయలుదేరి మర్రిపాడు మీదుగా ఐదో తేదీ ఉదయం ఐదుంబావుకే మన గుమ్మంలో దిగారు. ఆ తర్వాత జరిగిన సంభాషణ నేను కళ్ళారా చూడలేదు, చెవులారా విన్నాను. ఎక్కడి నుంచి విన్నానో చివర తెలుస్తుంది.

ఆమె మీ పెద్దమ్మను తాళంచెవి అడిగారు. మీ పెద్దమ్మ, "కొంచెం ఉండమ్మా, లేచినారో లేదో" అన్నది.

"ఎవరండీ లేవాల్సింది? గరిటెలా?"

"గరిటెలు ఎప్పుడో లేచుంటాయి. మా ఇంటాయన."

తలుపు తెరుచుకుంది. నేను మంచం మీద మంకీ క్యాపుతో, బనీనుతో లేచి కూర్చున్నాను. చేతిలో తువ్వాలు ఉంది. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఏ ఇన్స్పెక్షనూ నన్ను ఈ స్థితిలో చూడలేదు.

అమ్మా, ఆ మేకను నేనే. నవంబరు ముప్పై నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి లోపలికి పోయి, ఆ తలుపులకు లోపల గొళ్ళెం లేదు కనుక మీ పెద్దమ్మ చేత బయట తాళం వేయించుకుని పడుకుంటున్నాను. మొదట దొంగ కోసం. దొంగ లేడని నువ్వు వ్రాశాక మనిషి ఒంటి వేడి కప్పుకు పనికొస్తుందని. చుక్కలు పడుతూనే ఉన్నందున, ఒక్కటి కూడా చెంచాల మీద రాలకుండా రాత్రంతా గంటకోసారి లేచి తువ్వాలుతో కప్పు తుడిచాను. ఆ తువ్వాలు లోపలే తీగ మీద ఆరేశాను. ఫ్లాస్కులో టీ తాగాను, మూత తీసి ఆవిరి చేతులకు పట్టుకున్నాను. తుడిచేవాడే చుక్కలు పుట్టిస్తున్నాడని నాకు తోచలేదు.

ఇంకొకటి చెప్పాలి. కింది కిటికీలు రెండూ సరిగ్గా నా తల దగ్గరకు వచ్చాయి. చలిగాలి చెవుల్లోకి కొడుతుంటే మొదట పాత గుడ్డలు, అవి చాలక నువ్వు పంపిన మఫ్లర్లు చెరొకటి వాటిలో కుక్కాను. పాటల రాత్రి ఒకటి నా మెడకు, ఒకటి మీ పెద్దమ్మ మెడకు ఉన్నాయి. ఆరాధన రాత్రీ అంతే. నీ అంకెలు ఎందుకు తగ్గాయో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. భూమ్మీద గాలులన్నీ బోర్డు మీద గీసి చూపించిన చేత్తోనే రెండు కిటికీలు మూశాను.

రజిని గారు లోపలికి వచ్చారు. మీటరు చూశారు, మఫ్లర్లు ఊడబీకారు, మంచం బయట వేయించారు. పెట్టెలన్నీ విప్పించారు. నా మంచానికి ఆనుకుని ఉన్న మూడు పెట్టెల్లో డెబ్బై చెంచాలకు బూజు చుక్కలు ఉన్నాయి. అప్పటికి పెంచలమ్మ, నాగులమ్మ వాళ్ళంతా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ముందుకు పోయి, ఈ తప్పు సరుకుది కాదు, వీళ్ళది కాదు, పిల్లది కాదు, నాది, కావాలంటే రాసిస్తాను అన్నాను. ఆమె, ఈ రాత్రి మీరు ఇంట్లో పడుకోండి, రేపు చూద్దాం అన్నారు. ఆమె కూడా మన ఇంట్లోనే ఉండిపోయారు.

ఆరో తేదీ ఉదయం అందరం కలిసి తెరిచాం. కప్పు పొడిగా ఉంది. మీటరు 58. నా జీవితంలో యాభై ఎనిమిది చూసి ఇంత సంతోషించింది లేదు. డెబ్బై చెంచాలు మళ్ళీ చెక్కి ఇవ్వడానికి నాగులమ్మ వాళ్ళు పది రోజులు అడిగారు, ఆమె ఇచ్చారు. మిగిలిన సరుకు పాసైంది. నువ్వు ఫిబ్రవరి ఒకటిన చేరాలి. ఆమె కాగితం మీద చివర వ్రాసిన షరతు యథాతథంగా: "గోదాములో మనుషులు నిద్రించరాదు."

నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదని వ్రాశావు. నిజమే, ఇష్టం లేదు. నెల్లూరు వెళ్ళినప్పుడూ లేదు. ఇష్టం లేకపోవడం వేరు, అడ్డుపడటం వేరు. ఆ తేడా చెప్పడానికి నాకు ముప్పై నాలుగు రాత్రులు పట్టింది, అదీ తలకిందులుగా చెప్పాను.

రేపు కట్టు విప్పాక నెమ్మదిగా నడువు. వెనక్కి నడవబాక.

ఇట్లు,
ద. దయాసాగర్.

తా.క.: ఏంజీ, ఆయన మొన్న రాత్రి నుంచి ఇంట్లోనే పండుకుంటాండాడు. గరిటెలు బాగున్నాయి, నా నిద్ర పోయింది. తడిగాలి పోయేదానికి కింద రెండు, పైన రెండు కిటికీలని బొమ్మేసి పంపినావే, అట్లాగే గురక పోయేదానికి మా గదికి యాడ పెట్టాలో, బెంగుళూరు పొయ్యేలోగా బొమ్మేసి పంపు. మాల్యాద్రి రాసిస్తేనే కోస్తాడు.